లెమింగ్ క్లబ్బూ, ఆ ఫుట్‌బాల్ జట్టూ ఒకటేనా? ఓర్‌గ్రీటే ఐఎస్ కథ

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 1912 ఒలింపిక్స్ జావెలిన్ విజేత ఎరిక్ లెమింగ్ గురించి చదువుతుంటే ఆయన క్లబ్ "ఓర్‌గ్రీటే ఐఎస్" అని కనిపించింది. వెతికితే స్వీడన్ ఫుట్‌బాల్ జట్టు ఒకటి వచ్చింది. రెండూ ఒకటేనా? ఒకటే అయితే ఫుట్‌బాల్ జట్టులో ఈటె విసిరేవాడికి ఏం పని? అంత పాత క్లబ్ అయితే మనలో ఎవరికీ దాని పేరు ఎందుకు తెలియదు?

రెండూ ఒకటే. నేను ఉద్యోగరీత్యా చాలాకాలంగా స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఉంటున్నాను. మావాడు ఈ క్లబ్ అథ్లెటిక్స్ విభాగంలోనే పెరిగాడు. శని, ఆదివారాల్లో పిల్లల పోటీలకు టేపు పట్టుకుని నిలబడే తల్లిదండ్రుల్లో నేనూ ఒకణ్ణి. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు ఒక విషయం సరిచేసుకోవాలి. ఫుట్‌బాల్ జట్టులో జావెలిన్ వాళ్లు చేరలేదు. అథ్లెటిక్స్ కోసం పుట్టిన సంఘంలోకి ఫుట్‌బాల్ తర్వాత వచ్చింది. ఓర్‌గ్రీటే ఇద్రోత్స్ సెల్స్కాప్, అంటే ఓర్‌గ్రీటే క్రీడా సంఘం, 1887 డిసెంబర్ 4న ఏర్పడింది. ఇక్కడివాళ్లు పొట్టిగా ఓయిస్ అంటారు. ఓర్‌గ్రీటే అప్పటికి గోథెన్‌బర్గ్ పక్కన ఉన్న వేరే ఊరు. 1922లో నగరంలో కలిసింది. ఊరి కుర్రాళ్లు పరుగు, దూకడం, విసరడం కోసం కలిసి పెట్టుకున్న సంఘం అది. దాన్ని నిలబెట్టినవాడు విల్‌హెల్మ్ ఫ్రిబెరి. ఆ రోజుల్లో స్వీడన్‌లో వ్యాయామం అంటే వరసలో నిలబడి చేసే జిమ్నాస్టిక్స్. గెలుపోటములతో ఆడే ఆటలు ఇంగ్లండ్ నుంచి వచ్చిన కొత్త సంగతి.

గోథెన్‌బర్గ్ ఓడరేవు. బ్రిటిష్ వర్తకులు, స్కాట్లాండ్ నుంచి బట్టల మిల్లుల్లో పనికి వచ్చిన కార్మికులు ఈ ఊళ్లో ఉండేవాళ్లు. బంతి వాళ్లతోనే వచ్చింది. ఓయిస్ వాళ్లు ఆ స్కాట్లాండ్ కుర్రాళ్లలో కొందరిని తమ జట్టులో చేర్చుకున్నారు. 1892 మే 22న నగరం నడిబొడ్డున ఉన్న హేడెన్ మైదానంలో లిక్కాన్స్ సోల్దాతర్ అనే మరో సంఘంతో ఆడి 1-0తో గెలిచారు. స్వీడిష్ క్లబ్బుల మధ్య జరిగిన తొలి ఫుట్‌బాల్ మ్యాచ్‌గా దాన్నే చెప్పుకుంటారు. హేడెన్ ఇప్పటికీ ఖాళీ మైదానంగానే ఉంది. బస్సు దిగి నడుచుకుంటూ పోతే పిల్లలు అక్కడ ఇంకా బంతాట ఆడుతూ కనిపిస్తారు.

1896లో తొలి స్వీడిష్ చాంపియన్‌షిప్ పెడితే అదీ ఓయిస్‌దే. వరుసగా నాలుగేళ్లు గెలిచారు. తర్వాత 1902, 1904 నుంచి 1907 వరకు నాలుగూ, 1909, 1913. అంటే మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికే వీళ్ల ఖాతాలో 11 టైటిళ్లు ఉన్నాయి. పన్నెండోది రావడానికి 1985 దాకా ఆగాల్సి వచ్చింది! పేరు ఎందుకు తెలియదన్న మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. వీళ్లు ఏలిన కాలంలో యూరప్ కప్పులు లేవు, టీవీ లేదు. అవి వచ్చేసరికి ఊళ్లో పెద్ద జట్టు ఐఎఫ్‌కే గోథెన్‌బర్గ్ అయిపోయింది. కానీ ఒక్క ఫుట్‌బాల్ కప్పులతోనే ఈ క్లబ్‌ను తూచడం నాకు సరిగ్గా అనిపించదు. అందుకే లెమింగ్ దగ్గరికి వస్తున్నాను.

లెమింగ్ 1880లో గోథెన్‌బర్గ్‌లోనే పుట్టాడు. 19 ఏళ్లకే, 1899లో, ఈటెను 49.32 మీటర్లు విసిరాడు. అప్పటికి ప్రపంచంలో అంత దూరం విసిరినవాళ్లు లేరు. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌కు వెళితే అక్కడ జావెలిన్ పోటీయే లేదు. ఖాళీగా కూర్చోకుండా హైజంప్, పోల్‌వాల్ట్, డిస్కస్, హ్యామర్ లాంటి వాటిలో దిగాడు. హైజంప్‌లో నాలుగో స్థానం దాకా వచ్చాడు. అప్పటి అథ్లెట్ అంటే అంతే, అన్నీ చేసేవాడు. ఈ రోజుల్లో ఒకే మనిషి హైజంప్ బార్ మీదుగా దూకి, వెళ్లి హ్యామర్ విసురుతానంటే కోచ్ ఒప్పుకోడు.

జావెలిన్ అప్పట్లో ఎక్కువగా నార్డిక్ దేశాల ఆట. 1906లో ఏథెన్స్‌లో జరిగిన పోటీల్లో తొలిసారి పెట్టారు. లెమింగ్ 53.90 మీటర్లతో గెలిచాడు. అక్కడే షాట్‌పుట్, పెంటాథ్లాన్, టగ్ ఆఫ్ వార్‌లలో కాంస్యాలు కూడా తెచ్చాడు. 1908 లండన్‌లో జావెలిన్‌కు రెండు పోటీలు పెట్టారు. ఒకటి మామూలుగా ఈటె మధ్యలో చుట్టిన తాడు దగ్గర పట్టుకుని విసిరేది. రెండోది ఎక్కడ పట్టుకున్నా సరే అనేది. రెండూ లెమింగ్‌వే. ఇక 1912లో సొంత దేశంలో, స్టాక్‌హోమ్‌లో ఒలింపిక్స్ కోసమే కట్టిన ఇటుకల స్టేడియంలో, 60.64 మీటర్లు విసిరి మళ్లీ బంగారం గెలిచాడు. అదే ఏడాది సెప్టెంబర్ 29న అదే నగరంలో 62.32. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య తన పుస్తకంలో రాసుకున్న మొట్టమొదటి పురుషుల జావెలిన్ ప్రపంచ రికార్డు అదే.

ఇక్కడ మనవాళ్లకు నచ్చే సంగతి ఒకటుంది. ఆ ఇటుకల స్టేడియం ఇంకా ఉంది, పోటీలు ఇంకా జరుగుతున్నాయి. 2022 జూన్ 30న డైమండ్ లీగ్‌లో నీరజ్ చోప్రా 89.94 మీటర్లు విసిరి రెండో స్థానంలో నిలిచింది అక్కడే. లెమింగ్ ఒలింపిక్ బంగారం గెలిచిన నేల మీదే, 110 ఏళ్ల తర్వాత. ఆ రాత్రి మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో 90 మీటర్లకు ఆరు సెంటీమీటర్లే తక్కువ పడ్డాయని ఒకటే బాధ. అదే మైదానంలో 60 దాటితే ఊరంతా పండగ చేసుకున్న కాలం ఒకటుందని నాకు తెలిసినవాళ్లందరికీ అప్పుడు చెప్పాను. అయితే రెండు దూరాలనూ పక్కపక్కన పెట్టి పోల్చకండి. లెమింగ్ విసిరింది కర్ర ఈటె. ఇప్పటి ఈటె వేరు. తూర్పు జర్మనీ ఆటగాడు ఊవే హోన్ 1984లో 104.80 మీటర్లు విసిరాక, ఇలాగైతే మైదానం చాలదని 1986లో పురుషుల ఈటె గురుత్వ కేంద్రాన్ని ముందుకు జరిపారు. మొన త్వరగా కిందికి వంగేలా చేశారు. అందుకే రికార్డుల లెక్క కూడా అప్పటి నుంచి కొత్తగా మొదలుపెట్టారు.

లెమింగ్ 1930లో, 50 ఏళ్లకే పోయాడు.

ఆయన తర్వాతి పెద్ద పేరు ఫుట్‌బాల్‌లో. ఫార్వర్డ్ స్వెన్ రీదెల్ స్వీడన్ తరఫున 43 మ్యాచ్‌లలో 49 గోల్స్ కొట్టాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నాడు. స్వెన్‌స్కా డాగ్‌బ్లాదెత్ పత్రిక ఏటా ఇచ్చే బంగారు పతకం ఈ దేశంలో చాలా పెద్ద గౌరవం. 1931లో దాన్ని అందుకున్న తొలి ఫుట్‌బాలర్ రీదెలే. ఆయన గోల్స్ రికార్డు ఎన్నాళ్లు నిలిచిందో తెలుసా? 2014 సెప్టెంబర్‌లో ఎస్తోనియా మీద జ్లాటాన్ ఇబ్రహిమోవిచ్ రెండు గోల్స్ కొట్టి 50కి చేరేదాకా. అంటే 80 ఏళ్ల పైమాటే. 49 గోల్స్‌కి రీదెల్‌కు 43 మ్యాచ్‌లే పట్టాయి, జ్లాటాన్‌కు చాలా ఎక్కువ పట్టాయి. కాలం వేరు, ప్రత్యర్థులు వేరు, ఒప్పుకుంటాను. అయినా సగటున మ్యాచ్‌కు ఒకటికి మించి గోల్స్ అంటే మాటలు కాదు.

1950ల చివరి నాలుగైదేళ్లు ఈ క్లబ్ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. మీ ప్రశ్నకు అసలు జవాబు కూడా అక్కడే దొరుకుతుంది.

గున్నార్ గ్రేన్ గోథెన్‌బర్గ్ వాడే. ముద్దుపేరు ప్రొఫెసర్. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వీడన్‌కు ఫుట్‌బాల్ బంగారం తెచ్చిన వాళ్లలో ఒకడు. 1949లో డబ్బుకు ఆడటానికి ఇటలీ వెళ్లి ఏసీ మిలాన్‌లో చేరాడు. అక్కడ గున్నార్ నార్దాల్, నీల్స్ లీద్‌హోల్మ్‌తో కలిసి ఆడిన ఆ ముగ్గురి జోరును ఇటలీ వాళ్లు ఇప్పటికీ గ్రె-నో-లి అని తలుచుకుంటారు. కానీ డబ్బు తీసుకుని ఆడినందుకు స్వదేశంలో జాతీయ జట్టు తలుపు మూసుకుపోయింది. 1950, 1954 ప్రపంచ కప్‌ల కాలంలో స్వీడన్ ప్రొఫెషనల్ ఆటగాళ్లను పిలవలేదు. 1956లో గ్రేన్ ఊరికి తిరిగొచ్చి ఓయిస్‌లో ఆటగాడిగా, కోచ్‌గా చేరాడు. ఓయిస్ అప్పటికి చాలా ఏళ్లుగా రెండో డివిజన్‌లో ఉంది. మిలాన్‌లో ఆడి వచ్చినవాడు మనూరి రెండో డివిజన్ జట్టుకు ఆడుతున్నాడంటే జనం విరగబడి వచ్చారు.

1958 ప్రపంచ కప్ స్వీడన్‌లోనే. ఈసారి ప్రొఫెషనల్స్‌కు తలుపు తెరిచారు. గ్రేన్‌కు 37 ఏళ్లు. గోథెన్‌బర్గ్‌లో కొత్తగా కట్టిన ఉల్లేవీ స్టేడియంలో పశ్చిమ జర్మనీతో సెమీఫైనల్. 1-1 మీద ఉండగా, ఇంకో పది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా, 81వ నిమిషంలో గ్రేన్ కొట్టాడు. చివరికి 3-1. సొంత ఊళ్లో, సొంత జనం ముందు! ఫైనల్లో పదిహేడేళ్ల పెలే ఉన్న బ్రెజిల్ 5-2తో గెలిచింది. స్వీడన్ కొట్టిన రెండు గోల్స్‌లో రెండోది ఆగ్నె సిమోన్సన్‌ది. అతనూ ఓయిస్ కుర్రాడే. రెండో డివిజన్ క్లబ్ నుంచి ఇద్దరు ప్రపంచ కప్ ఫైనల్ ఆడటం నాకు ఈ రోజుకీ నమ్మశక్యంగా అనిపించదు.

మరుసటి సీజన్‌కు ఓయిస్ మొదటి డివిజన్‌కు ఎక్కింది. 1959 జూన్ 3న ఊళ్లోనే పోటీ జట్టయిన ఐఎఫ్‌కేతో ఉల్లేవీలో ఆడితే 52,194 మంది వచ్చారు. స్వీడిష్ లీగ్‌లో ఒక మ్యాచ్‌కు అంతమంది రావడం మళ్లీ జరగలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను స్వీడన్ 3-2తో ఓడించింది. రెండు గోల్స్ సిమోన్సన్‌వి. హంగేరీ తర్వాత యూరప్ ప్రధాన భూభాగం నుంచి వచ్చి అక్కడ ఇంగ్లండ్‌ను ఓడించిన రెండో జట్టు అది. 1960లో సిమోన్సన్‌ను రియల్ మాడ్రిడ్ తీసుకుపోయింది. మూడేళ్లకు మళ్లీ ఓయిస్‌కే వచ్చాడు.

ఇప్పుడు అదే క్లబ్‌లో, అవే సంవత్సరాల్లో, మరో మైదానం చూడండి. దాన్ వార్న్ అనే మధ్య దూరాల రన్నర్ ఓయిస్ జెర్సీతో పరుగెత్తేవాడు. మైలును నాలుగు నిమిషాల లోపు పూర్తి చేసిన తొలి స్వీడిష్ వాడు. 1958 యూరోపియన్ పోటీల్లో 1500 మీటర్ల రజతం. 1959లో 1000 మీటర్లను 2 నిమిషాల 17.8 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్లలో నాలుగో స్థానం. దేశమంతా ఇష్టపడే మనిషి. అలాంటివాణ్ణి పోటీల్లో దిగినందుకు డబ్బు తీసుకున్నాడని 1961లో అథ్లెటిక్స్ నుంచి నిషేధించారు. అప్పటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు.

ఒకే క్లబ్. ఫుట్‌బాల్‌లో గ్రేన్ ఏళ్ల తరబడి డబ్బు తీసుకుని ఆడి వస్తే 1958లో ప్రపంచ కప్‌లో చప్పట్లు కొట్టారు. మూడేళ్లకు అథ్లెటిక్స్‌లో వార్న్‌ను అదే కారణానికి ఇంటికి పంపారు. తప్పు క్లబ్‌ది కాదు, ఆటల సమాఖ్యలవి. కానీ ఈ అన్యాయం ఇంత స్పష్టంగా కనిపించేది ఇలాంటి క్లబ్ చరిత్రలోనే. ఫుట్‌బాల్ పుస్తకంలో వార్న్ ఉండడు, అథ్లెటిక్స్ పుస్తకంలో గ్రేన్ ఉండడు. లెమింగ్‌నూ ఆ ఫుట్‌బాల్ జట్టునూ మీరు వేరువేరు అనుకోవడానికి కారణం కూడా ఇదే. ఒక్కో ఆట చరిత్రను విడివిడిగా రాసేసరికి వాళ్లందరినీ కలిపిన సంఘం మాయమైపోతుంది.

1960ల తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను. 1985లో స్వీడిష్ చాంపియన్‌షిప్ ఫైనల్ రెండు మ్యాచ్‌లుగా జరిగితే మొదటిదాంట్లో ఐఎఫ్‌కేను 4-2తో కొట్టి, రెండోది 2-3తో ఓడినా మొత్తం మీద గెలిచి పన్నెండో టైటిల్ తెచ్చుకున్నారు. 2000లో స్వీడిష్ కప్. 2011లో ఫుట్‌బాల్ కంపెనీ దివాలా తీసింది, జట్టును మూడో స్థాయికి దించేశారు.

ఆ దివాలా రోజుల్లో నన్ను చాలామంది తెలుగు మిత్రులు "అయితే క్లబ్ మూసేశారా?" అని అడిగారు. లేదు. దివాలా తీసింది ఫుట్‌బాల్ వ్యాపారం చూసుకునే కంపెనీ. సభ్యుల సంఘం అలాగే ఉంది. పిల్లలు మర్నాడు కూడా ప్రాక్టీస్‌కు వెళ్లారు. స్వీడన్‌లో క్లబ్ అంటే ఏటా రుసుము కట్టే సభ్యుల సొత్తు. వార్షిక సమావేశంలో మనిషికి ఒక ఓటు. ఎలైట్ జట్టు నడపడానికి కంపెనీ పెట్టుకోవచ్చు గానీ అందులో ఓట్ల మెజారిటీ సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలని నియమం. అందుకే ఇక్కడ ఏ కోటీశ్వరుడూ వచ్చి క్లబ్‌ను కొనేసుకోలేడు. దానివల్ల ఇంగ్లండ్ క్లబ్బులంత డబ్బు ఉండదు. మీకు ఈ పేర్లు తెలియకపోవడానికి మిగతా సగం కారణం ఇది. నాకు మాత్రం ఈ పద్ధతే నచ్చుతుంది.

రోజువారీగా అది ఎలా ఉంటుందో చెబుతాను. చిన్నపిల్లలకు అసలు ఈటె ఇవ్వరు. వోర్టెక్స్ అని తోక ఉన్న మెత్తటి బంతి ఇస్తారు. విసిరేటప్పుడు గాలిలో ఈల వేస్తుంది. అది పడిన చోట ఒకరు టేపు సున్నా అంచు పెట్టి కూర్చుంటారు. ఇంకొకరు టేపును విసిరే గీత దాకా లాగి అక్కడ అంకె చదువుతారు. ఆ ఇద్దరూ జీతగాళ్లు కాదు, ఏ పిల్లవాడి అమ్మో నాన్నో. కాఫీ, సాసేజ్‌లు అమ్మే బల్ల దగ్గరా వాళ్లే. పెద్దవాళ్లు కూడా ఆ పక్కనే ప్రాక్టీస్ చేస్తుంటారు కాబట్టి, టీవీలో చూసిన మనిషి మన పిల్లవాడి పక్కనుంచే షూ లేసులు కట్టుకుంటూ వెళ్లడం మామూలే.

ట్రిపుల్ జంపర్ క్రిస్టియాన్ ఓల్సన్ ఈ క్లబ్ నుంచి వచ్చినవాడే. 1995లో ప్రపంచ అథ్లెటిక్స్ గోథెన్‌బర్గ్‌లో జరిగింది. ఉల్లేవీలో బ్రిటన్ ఆటగాడు జొనాథన్ ఎడ్వర్డ్స్ ట్రిపుల్ జంప్‌లో 18.29 మీటర్లు దూకి పెట్టిన ప్రపంచ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ రోజు స్టేడియంలో కూర్చుని చూసిన పదిహేనేళ్ల కుర్రాళ్లలో ఓల్సన్ ఒకడు. మొదట హైజంపర్. తర్వాత కోచ్ యానిక్ ట్రెగారో దగ్గర ట్రిపుల్ జంప్‌లో రాటుదేలాడు. 2001లో ఎడ్మంటన్‌లో అదే ఎడ్వర్డ్స్ వెనకే రజతం గెలిచాడు. 2003లో పారిస్‌లో 17.72తో ప్రపంచ చాంపియన్. 2004 ఆగస్టు 22న ఏథెన్స్‌లో 17.79తో ఒలింపిక్ బంగారం. ఆ తర్వాత చీలమండ, పాదం గాయాలు వదలలేదు. ట్రిపుల్ జంప్‌లో ఒంటికాలి మీద దిగి మళ్లీ ఎగరాలి. ప్రతి దిగుడులో శరీర బరువుకు ఎన్నో రెట్ల భారం ఆ ఒక్క కాలి మీద పడుతుంది. అయినా 2006లో యూరోపియన్ పోటీలు గోథెన్‌బర్గ్‌కు వచ్చినప్పుడు, చిన్నప్పుడు ఎడ్వర్డ్స్‌ను చూసిన ఆ ఉల్లేవీలోనే 17.67 దూకి గెలిచాడు. 2012లో ఆట మానేశాడు.

ఎమ్మా గ్రీన్‌ను కూడా మరిచిపోకూడదు. ఓయిస్ హైజంపర్, 2005లో హెల్సింకి ప్రపంచ పోటీల్లో కాంస్యం, 2010 యూరోపియన్ పోటీల్లో రజతం. 2013లో మాస్కో ప్రపంచ పోటీలకు ముందు రష్యా స్వలింగ సంపర్కులకు వ్యతిరేకంగా చట్టం చేసింది. ఎమ్మా క్వాలిఫయింగ్ రౌండ్‌లో గోళ్లకు ఇంద్రధనుస్సు రంగులు వేసుకుని దిగింది. నిబంధనలకు విరుద్ధం అన్నారు. ఫైనల్‌కు గోళ్లన్నీ ఎర్రగా వేసుకుని వచ్చింది. పతకం రాలేదు గానీ ఇక్కడ ఆమె పతకాల కంటే ఆ గోళ్లే జనానికి ఎక్కువ గుర్తు.

మన దగ్గర ఇలాంటివి లేవా అంటే, దగ్గరగా వచ్చేది కోల్‌కతా మోహన్ బగాన్. 1889లో, ఓయిస్ తర్వాత రెండేళ్లకు పుట్టింది. ఫుట్‌బాల్‌తో పాటు క్రికెట్, హాకీ ఆడింది. మన హైదరాబాద్ పద్ధతి వేరు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచింది. గ్రేన్ ఇటలీలో ఆడుతున్న రోజులే అవి. కానీ అక్కడ ఆటగాడు జట్టులోకి వచ్చేది ఉద్యోగం ద్వారా. ఉద్యోగం అతని ఇల్లు నిలబెట్టేది, అది చిన్న విషయం కాదు. అయితే పక్క వీధి పిల్లవాడు రుసుము కట్టి ఆ జట్టులో సభ్యుడు కాలేడు, దాని ఖర్చుల మీద చెయ్యెత్తి ప్రశ్న అడగలేడు. ఓయిస్‌లో పదహారేళ్లవాడు కూడా వార్షిక సమావేశంలో లేచి నిలబడి అడుగుతాడు.

చివరగా, మీరు లెమింగ్ మీద ఏదో రాస్తున్నట్టున్నారు కాబట్టి ఒక సూచన. ఆయన ఒలింపిక్ బంగారాలు కొన్ని చోట్ల 3 అనీ, కొన్ని చోట్ల 4 అనీ ఉంటాయి. 1906 ఏథెన్స్ పోటీలను అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధికారిక ఒలింపిక్స్‌గా లెక్కించదు. 1908లో రెండు, 1912లో ఒకటి కలిపి 3 అని రాయండి. 1906 గెలుపును పక్కన విడిగా చెప్పండి.